మందు మండలం దాకా వచ్చింది - కబురు ఊరి దాకా రావాలి

పాము కాటు నుంచి బి.పి. బిళ్ళ దాకా ఆరోగ్య కేంద్రాలలో మారిన పద్ధతులు

(గ్రామీణ విలేఖరి)

అవనిగడ్డ: కాలువలకు నీరు వదిలి దివిసీమలో నారుమళ్ళు పోసే రోజులు వచ్చాయంటే రైతుకు రెండు భయాలు. ఒకటి వాన, రెండవది గట్టు మీద పాము. వానను గురించి రేడియో, టీవీ, సెల్‌ఫోను రోజూ చెబుతూనే ఉంటాయి. పాము విషయంలో మాత్రం తాతల నాడు విన్న మాటలే నేటికీ చెల్లుబాటు అవుతున్నాయి. కాటు పైన తాడు బిగించడం, బ్లేడుతో కోయడం, పసరు మింగించడం, మంత్రం వేయించడం - ఇవన్నీ అయిన తర్వాత గాని చాలామందికి ఆసుపత్రి గుర్తుకు రావడం లేదు.

ఈలోగా ఆసుపత్రి చాలా మారింది. ఒకప్పుడు మచిలీపట్నమో విజయవాడో వెళ్ళితే తప్ప దొరకని వైద్యంలో కొంత భాగం మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చింది. కొన్ని పాత పద్ధతులు రద్దయ్యాయి. కొన్ని సూదుల పేర్లు, లెక్కలు మారాయి. ఈ మార్పులు డాక్టర్లకు, నర్సులకు సర్క్యులర్ల ద్వారా తెలుస్తున్నాయి. రోగికి తెలియజేసే సర్క్యులరు మాత్రం లేదు. అందువల్ల ఇంటి దగ్గర ఉన్న సదుపాయాన్ని వదిలి దూరం పరుగెత్తి ప్రాణానికి, డబ్బుకు నష్టం తెచ్చుకుంటున్న వారు ప్రతి గ్రామంలోనూ ఉన్నారు. రైతు సోదరులకు, తల్లులకు ఉపయోగపడగలదని ఆ మార్పులను ఇక్కడ వివరిస్తున్నాము.

ఏ వైద్యం ఎక్కడ?

మన దేశంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ఏర్పాటు 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకంతో పాటు మొదలైంది. మైదాన ప్రాంతంలో 30 వేల జనాభాకు, కొండ, గిరిజన ప్రాంతాలలో 20 వేల జనాభాకు ఒక కేంద్రం ఉండాలన్నది ప్రమాణం. దాని కింద 5 వేల జనాభాకు ఒక ఉపకేంద్రం, దానికి పైన 1 లక్షా 20 వేల జనాభాకు ఒక సామాజిక ఆరోగ్య కేంద్రం ఉండాలి.

మన రాష్ట్రంలో ఉపకేంద్రాలను ఇంకా చిన్నవిగా విభజించి సుమారు 2,500 జనాభాకు ఒక విలేజ్ క్లినిక్ ఉండేలా ఏర్పాటు జరిగింది. అక్కడ బి.ఎస్‌సీ. నర్సింగ్ చదివిన ఒక ఆరోగ్య అధికారిణి, ఏ.ఎన్.ఎం., ఆశా కార్యకర్తలు ఉంటారు. 2022 అక్టోబరు 21న ప్రయోగాత్మకంగా, 2023 ఏప్రిల్ 6న పూర్తి స్థాయిలో ఫ్యామిలీ డాక్టర్ విధానం ప్రారంభమైంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు 104 వాహనంతో గ్రామానికి వచ్చి చూడడం అందులోని ముఖ్యాంశం. మీ ఊరికి ఆ వాహనం ఏ రోజు వస్తుందో ఆశా కార్యకర్తను అడిగి క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోవడం మంచిది.

బోర్డుల మీద పేర్లు మారడంతో కొందరు తికమక పడుతున్నారు. ఉపకేంద్రం, హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్, విలేజ్ క్లినిక్, ఆయుష్మాన్ ఆరోగ్య మందిరం - ఇవి చాలా చోట్ల ఒకే భవనానికి వేర్వేరు కాలాలలో పెట్టిన పేర్లు. ఆయుష్మాన్ ఆరోగ్య మందిరం అన్న పేరును కేంద్ర ప్రభుత్వం 2023 నవంబరులో పెట్టింది. పేరు ఏదైనా గుమ్మం అదే.

స్థూలంగా చెప్పాలంటే బి.పి., షుగరు చూపించుకోవడం, నెల మందులు, టీకాలు, గర్భిణుల పరీక్షలు గ్రామంలోనే జరుగుతాయి. జ్వరాలు, కుక్క కాటు సూదులు, పాము కాటుకు మొదటి వైద్యం, కళ్ళె పరీక్ష మండల స్థాయిలో. ఆపరేషను కాన్పు, ఎక్స్‌రే, స్కానింగు, కృత్రిమ శ్వాస యంత్రం కావలసిన కేసులు పెద్ద ఆసుపత్రికి. మచిలీపట్నంలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో ప్రారంభమైన సంగతి విదితమే.

పాము కాటు: మారిన లెక్కలు

2018 ఆగస్టులో దివిసీమలో పాము కాట్లు వరుసగా సంభవించి అవనిగడ్డ ప్రభుత్వాసుపత్రికి బాధితులు బారులు తీరిన రోజులు పాఠకులకు గుర్తుండే ఉంటాయి. ఆ నెలాఖరులో మోపిదేవి శ్రీ సుబ్రహ్మణ్యేశ్వర స్వామి ఆలయంలో సర్పశాంతి యాగం కూడా జరిపించారు. నాగుల చవితికి పుట్టలో పాలు పోసే ప్రాంతం మనది. భక్తిని ఎవరూ కాదనరు. అయితే దండం దేవునికి పెట్టుకున్నా, సూది మాత్రం ఆసుపత్రిలోనే వేయించుకోవాలి. రెండింటిలో ఏది ముందు అన్న దగ్గరే ప్రాణం నిలబడుతున్నది, పోతున్నది.

ఇది మన ఒక్క సీమ బాధ కాదు. 2000 నుంచి 2019 వరకు 20 ఏళ్ళలో దేశంలో పాము కాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. అంటే ఏడాదికి సగటున 58 వేల మంది. ఎక్కువ మరణాలు జరిగిన 8 రాష్ట్రాలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. మరణాలలో సగం జూన్, సెప్టెంబరు నెలల మధ్య, అంటే సరిగ్గా మన నాట్లు, కలుపు తీసే రోజుల్లో జరిగాయి. ఈ పరిస్థితిని దృష్టిలో ఉంచుకుని 2030 నాటికి మరణాలను సగానికి తగ్గించాలన్న లక్ష్యంతో కేంద్రం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. ప్రతి పాము కాటు కేసును విధిగా ప్రభుత్వానికి తెలియజేసే విధానం తీసుకురావాలని అదే ఏడాది నవంబరులో రాష్ట్రాలను కోరింది.

మన పొలాల్లో ప్రాణం తీసే పాములు ముఖ్యంగా నాలుగు: తాచుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. ఈ నాలుగింటి విషానికీ విరుగుడు ఒకే సీసాలో ఉంటుంది. ఈ పాముల విషాన్ని కొద్ది కొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తం నుంచి విరుగుడు తయారు చేస్తారు. అందుకు కావలసిన విషాన్ని తీసి ఇచ్చే వారిలో ముఖ్యులు మద్రాసు దగ్గరి ఇరుల తెగవారు. పాములు పట్టడంలో ఆరితేరిన వీరి సహకార సంఘం 1978లో ఏర్పడింది. ఒకే మందు నాలుగింటికీ పనిచేస్తుంది గనుక కరిచిన పామును చంపి సంచిలో వేసుకుని ఆసుపత్రికి తీసుకు రానక్కర లేదు. పామును వెదకడంలో పోయేది సమయం. చచ్చిందనుకున్న పాము కూడా కాటు వేయగలదు.

మంత్రంతో బ్రతికాడన్న మాట వెనుక

ఫలానా ఊళ్ళో మంత్రం వేస్తే పాము కాటు నయమైందన్న కథలు ప్రతి చోటా వినబడతాయి. ఆ మనిషి బ్రతికిన మాట నిజమే కావచ్చు. కారణం వేరు. మన చుట్టూ తిరిగే పాముల్లో నీరుకట్టె, జెర్రిపోతు వంటి విషం లేనివే ఎక్కువ. విషపు పాము కరిచినా అన్నిసార్లూ విషం వదలదు. ఇటువంటి వారికి మంత్రం వేసినా, వేయకపోయినా ప్రమాదం లేదు. విషం ఎక్కిన మనిషికి మాత్రం ఆ గంట తిరిగి రాదు. ఎవరికి విషం ఎక్కిందో, ఎవరికి ఎక్కలేదో చూపుతో చెప్పడం మంత్రగాడికి గాని, డాక్టరుకు గాని సాధ్యం కాదు. దానికి పరీక్ష, పరిశీలన కావాలి.

ఆ పరీక్షకు పెద్ద యంత్రాలు కూడా అక్కరలేదు. పింజర విషం రక్తాన్ని గడ్డ కట్టనీయదు. రోగి రక్తం 2 మిల్లీలీటర్లు తీసి పొడిగా, శుభ్రంగా ఉన్న కొత్త గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. తర్వాత గొట్టాన్ని వంచి చూస్తారు. రక్తం గడ్డ కట్టకుండా కారితే విషం ఎక్కినట్లు. మొదటిసారి బాగున్నా మళ్ళీ మళ్ళీ ఇదే పరీక్ష చేస్తూ 24 గంటలు ఉంచి చూడాలన్నది నియమం. ఏమీ కాలేదు గదా అని మధ్యలో ఇంటికి లేచి పోవడం ప్రమాదకరం.

తాచు, కట్లపాముల విషం నరాల మీద పనిచేస్తుంది. రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం, ఆయాసం దాని గుర్తులు. కట్లపాము సంగతి మరీ మోసం. రాత్రి వేళ నేల మీద పడుకున్న వారిని కరుస్తుంది. నొప్పి ఉండదు, గాటు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపు నొప్పి, గొంతు నొప్పి, రెప్పల బరువుతో లేచిన మనిషికి అజీర్తి అనుకుని సోడా తాగించి కూర్చోబెట్టిన ఇళ్ళు ఉన్నాయి. నేల పడక మీద నిద్రించిన వారికి ఇటువంటి గుర్తులు కనబడితే పాము కాటుగానే భావించి బయలుదేరాలి.

విషం ఎక్కినట్లు తేలితే సాధారణంగా 10 సీసాల విరుగుడుతో వైద్యం మొదలు పెడతారు. దీనిని సెలైన్‌లో కలిపి నరం ద్వారా ఎక్కిస్తారు. పిల్లలకూ పెద్దలకూ మోతాదు ఒకటే, ఎందుకంటే పాము పిల్లవాడికి తక్కువ, పెద్దవాడికి ఎక్కువ అని చూసి విషం వదలదు. పూర్వం చర్మం కింద కొద్దిగా వేసి పడుతుందో లేదో చూసేవారు. ఆ పరీక్ష వల్ల ప్రయోజనం లేదని తేలడంతో మానివేశారు. మందు పడక దద్దుర్లు, ఆయాసం వస్తే వెంటనే ఇవ్వడానికి ఎడ్రినలిన్ సూది పక్కనే సిద్ధంగా ఉంచుతారు. మొదటి మోతాదు మండలంలోనే మొదలు పెట్టి, అవసరమైతే చీటీ రాసి 108లో పెద్ద ఆసుపత్రికి పంపడం నేటి పద్ధతి. విరుగుడు ఎక్కకుండా రెండు గంటలు కారులో కూర్చుని విజయవాడ చేరడం కంటే, పది నిమిషాల దూరంలో మొదటి మోతాదు ఎక్కించుకుని వెళ్ళడం మేలు.

తీర గ్రామాల మత్స్యకారులకు ఒక హెచ్చరిక. పాలకాయతిప్ప, సొర్లగొంది వంటి పల్లెలలో వలలో సముద్రపు పాములు పడడం ఉంది. వాటి విషానికి ఈ విరుగుడు పని చేయదు. ఒళ్ళు నొప్పులు, మూత్రం రంగు మారడం, ఊపిరి బరువు కావడం కనబడుతుంది. ఇటువంటి వారిని కృత్రిమ శ్వాస సదుపాయం ఉన్న పెద్ద ఆసుపత్రికి చేర్చాలి.

కరిచిన వెంటనే చేయవలసినవి

మనిషిని పరుగెత్తనీయకూడదు, నడిపించకూడదు. ఉంగరాలు, కడియాలు, మెట్టెలు, మొలతాడు, బిగుతు బట్టలు తీసివేయాలి. కరిచిన కాలినో చేతినో ఒక కర్ర బద్దకు వదులుగా గుడ్డతో కట్టి, విరిగిన ఎముకను ఉంచినట్లు కదలకుండా ఉంచాలి. తాడు బిగించరాదు. బిగించిన కట్టు వల్ల రక్తం ఆడక కాలు కుళ్ళిపోయే ప్రమాదం ఉంది. ఇప్పటికే కట్టు కట్టి ఉంటే దారిలో విప్పవద్దు, ఆసుపత్రిలోనే విప్పించాలి. కోయడం, నోటితో పీల్చడం, ఐసు పెట్టడం, సారా తాగించడం పనికిరావు. కరిచిన సమయం, పిమ్మట కనిపించిన గుర్తులు జ్ఞాపకం ఉంచుకుని డాక్టరుకు చెప్పాలి. 108కి ఫోను చేయాలి. వాహనం ఆలస్యమైతే మోటారు సైకిలు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని, వెనుక ఒకరు పట్టుకుని తీసుకుపోవడం ఉత్తమం.

నివారణ కూడా కష్టం కాదు. రాత్రి నీరు పెట్టడానికి వెళ్ళేటప్పుడు టార్చిలైటు, చేతి కర్ర, కాళ్ళకు బూట్లు ఉండాలి. నేల మీద పడుకోవడం మాని మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందకు దోపి పడుకోవాలి. కట్టెల మోపు, గడ్డివాము ఇంటి గోడకు ఆనించి వేయరాదు. ఎలుక ఉన్న చోటికి పాము వస్తుంది. పొలం గట్ల మీద బుట్టలు పెట్టి ఎలుకలు పట్టే యానాది సోదరులకు ఈ ప్రమాదం అందరికంటే ఎక్కువ. వారి చేత పని చేయించుకునే రైతులు బూట్లు, టార్చిలైటు కొని ఇవ్వడం న్యాయం.

బొడ్డు చుట్టూ సూదులు ఎప్పుడో పోయాయి

కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు అన్న భయం పాత తరంలో ఇంకా పోలేదు. ఆ పాత టీకా తయారీ మన దేశంలో 2004 డిసెంబరుతో ఆగిపోయింది. ఇప్పటి సూది భుజానికి, చర్మంలోనే కొద్దిగా వేస్తారు. కరిచిన తర్వాత మొదలు పెట్టిన రోజు, ఆపై 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు - మొత్తం నాలుగు సార్లు. ప్రతిసారీ రెండు భుజాలకూ వేస్తారు. కండకు వేసే పద్ధతిలో అయితే 14వ రోజు కూడా ఉంటుంది.

సూది కంటే ముందు జరగవలసిన వైద్యం ఇంటి దగ్గరే ఉంది. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడగాలి. చేతిపంపు దగ్గర ఒకరు కొడుతూ ఉంటే చాలు. కారం, సున్నం, కాఫీపొడి, ఆముదం పెట్టరాదు. గాయం లోతుగా ఉండి రక్తం వస్తే టీకాతో పాటు గాయం చుట్టూ వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ మందు కూడా కావాలి. అది అన్ని చోట్లా ఉండదు గనుక డాక్టరు పంపిన చోటికి ఆ రోజే వెళ్ళాలి. పిల్లి, కోతి, నక్క కరిచినా ఇదే వైద్యం. పసిపిల్లలు కుక్క గోళ్ళు గీరిన సంగతి తిడతారని దాచిపెడతారు. వారిని బుజ్జగించి అడగాలి. ఈ జబ్బు గుర్తులు బయట పడిన తర్వాత దాదాపు ఎవరూ బ్రతకరు. మూడవ సూదితో ఆపి వేయడం కూడా పొరపాటే.

బి.పి. బిళ్ళ - తగ్గిందని మానవద్దు

30 ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ బి.పి., షుగరు, నోటి క్యాన్సరు పరీక్షలు, స్త్రీలకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సరు పరీక్షలు చేయాలన్నది ఇప్పటి నియమం. ఆశా కార్యకర్త కాగితం పట్టుకుని ఇంటికి వచ్చినప్పుడు నాకేమిటి, రాయిలా ఉన్నానని పంపివేయడం పొలం పనివారిలో పరిపాటి. పెద్ద అంకె 140, చిన్న అంకె 90 దాటి నిలకడగా ఉంటే అది బి.పి. గానే లెక్క. దానికి నొప్పి ఉండదు, గుర్తు ఉండదు. పక్షవాతం వచ్చిన రోజే అది తెలియడం మన దురదృష్టం.

ఇటీవలి సంవత్సరాలలో బి.పి. వైద్యాన్ని దేశమంతటా ఒక పద్ధతి ప్రకారం సరళం చేశారు. ఎమ్లోడిపిన్ వంటి చవక బిళ్ళతో మొదలుపెట్టి, నెలకు ఒకసారి చూసి, తగ్గకపోతే మోతాదు పెంచడమో మరో బిళ్ళ చేర్చడమో చేస్తారు. మందులు నెలకు సరిపడా ఇస్తారు. బి.పి. మామూలుకు వచ్చిందంటే బిళ్ళ పని చేస్తున్నదని అర్థం. జబ్బు పోయిందని అర్థం కాదు. మానివేస్తే మళ్ళీ పెరుగుతుంది.

దీనితో పాటు గమనించవలసినది నొప్పి బిళ్ళల సంగతి. నాట్లు, కోతల రోజుల్లో నడుము నొప్పికి కిళ్ళీ కొట్టులో బిళ్ళ కొని రోజూ వేసుకోవడం అలవాటైంది. ఇవి ఎక్కువ కాలం వాడితే మూత్రపిండాలు దెబ్బతింటాయి, బి.పి. పెరుగుతుంది. బి.పి., షుగరు ఉన్న వారికి ముప్పు రెట్టింపు. ఏ బిళ్ళలు వేసుకుంటున్నదీ డాక్టరుకు దాచకుండా చెప్పాలి.

తల్లులకు, పిల్లలకు

ప్రతి నెల 9వ తేదీ గర్భిణులకు కేటాయించిన రోజు. 2016 నుంచి అమలులో ఉన్న ఈ ఏర్పాటు ప్రకారం ఆ రోజు డాక్టరే స్వయంగా పరీక్ష చేయాలి. రక్తం 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత, 7 కంటే తగ్గితే ప్రమాదం. కనీసం 180 రోజులు ఇనుము బిళ్ళలు వేసుకోవాలి. బిళ్ళ వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందన్నది అపోహ. మలం నల్లగా రావడం మాత్రం సహజం, దానికి భయపడనక్కర లేదు. బిళ్ళ వేసుకున్న గంట వరకు టీ, కాఫీ తాగకపోతే మందు బాగా పడుతుంది.

గర్భిణులకు ఇచ్చే టి.టి. సూది స్థానంలో 2019 నుంచి టి.డి. వచ్చింది. ధనుర్వాతంతో పాటు కంఠసర్పి నుంచి కూడా ఇది కాపాడుతుంది. పిల్లల టీకాలలో నీళ్ళ విరేచనాలకు రోటావైరస్ చుక్కలు మన రాష్ట్రంలో 2016లోనే వచ్చాయి. న్యుమోనియాకు టీకా 2021 నాటికి దేశమంతటా చేరింది. పోలియో సూది మూడవ మోతాదు 2023 జనవరి నుంచి 9 నెలల వయసులో చేర్చారు. బుధ, శనివారాలు టీకా రోజులు. పెద్ద బిడ్డ కార్డు చూసి చిన్న బిడ్డకూ అంతేనని లెక్క వేయరాదు, కార్డులు మారాయి.

విరేచనాలు పట్టుకున్న పిల్లవాడికి సెలైన్ పెట్టమని పట్టుబట్టే తల్లిదండ్రులు చాలామంది. మింగగలిగిన పిల్లవాడికి ఓ.ఆర్.ఎస్. నీళ్ళే మందు. పెద్ద ప్యాకెట్టు మొత్తం లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఒకేసారి కలపాలి. గ్లాసులో చిటికెడు వేయడం పనికిరాదు. కలిపింది ఆ రోజుకే. దానితో పాటు జింకు బిళ్ళ 14 రోజులు ఇవ్వాలి. విరేచనాలు మూడవ రోజుకే ఆగినా 14 రోజులూ పూర్తి చేయాలి. తల్లిపాలు ఆపరాదు. కళ్ళు గుంటలు పడి, మగతగా ఉండి, తాగలేకపోతే మాత్రం క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకు రావాలి.

రెండు వారాలు దాటిన దగ్గు

రెండు వారాలు దాటిన దగ్గును బీడీ దగ్గు అని కొట్టి పారవేయరాదు. కళ్ళె పరీక్ష ఉచితం. టి.బి. మందులు వారానికి మూడు రోజులు వేసే పాత పద్ధతి 2017లో పోయి, రోజూ వేసే పద్ధతి వచ్చింది. మందు ఆరు నెలలు. రెండు నెలలకే దగ్గు తగ్గి బలం వస్తుంది. అప్పుడు మానివేసిన వారికే మొండి టి.బి. పట్టుకుంటున్నది. పోషకాహారం కోసం కేంద్రం 2018 ఏప్రిల్ నుంచి నెలకు 500 రూపాయలు ఇస్తుండగా, 2024 నవంబరు 1 నుంచి దానిని 1,000 రూపాయలకు పెంచారు. సొమ్ము బ్యాంకు ఖాతాలో పడుతుంది గనుక ఖాతా వివరాలు ఇవ్వడం మరువరాదు. ఇంట్లోని మిగతా వారికీ పరీక్ష చేయించాలి.

టీవీలో డాక్టరు, కాగితం మీద జబ్బు

గ్రామ క్లినిక్‌లోనే కూర్చుని దూరాన ఉన్న డాక్టరుతో తెర మీద మాట్లాడే ఈ-సంజీవని విధానం దేశంలో మొట్టమొదట అమలైంది మన ఆంధ్రప్రదేశ్‌లోనే, 2019 నవంబరులో. సిగ్నలు లేక తెర ఆగిపోవడం పల్లెలలో మామూలే అయినా, చర్మ వ్యాధులు, పాత జబ్బుల సలహాలకు ఇది బస్సు చార్జీ, ఒక రోజు కూలి మిగులుస్తున్నది.

ఆభా అనే 14 అంకెల ఆరోగ్య సంఖ్య గురించి అపోహలున్నాయి. ఇది తీసుకోవడం స్వచ్ఛందం. అది లేదని వైద్యం నిరాకరించరాదు. ఉంటే పాత పరీక్షల వివరాలు కంప్యూటరులో దొరికే వీలుంది. ఫోనుకు వచ్చిన ఓ.టి.పి.ని ఎదుట ఉన్న సిబ్బందికి తప్ప ఫోనులో అడిగిన అపరిచితులకు చెప్పరాదు. ఏ సంఖ్య ఉన్నా పాత చీటీలు, బిళ్ళల ఖాళీ అట్టలు ఒక సంచిలో వేసుకుని రావడం ఇప్పటికీ అవసరమే. ఏ బిళ్ళ వాడుతున్నావంటే తెల్ల బిళ్ళ, గులాబి బిళ్ళ అని చెబితే డాక్టరుకు పాలుపోదు.

ఆర్.ఎం.పి. ల మాట కూడా చెప్పుకోవాలి. అర్ధరాత్రి తలుపు కొడితే లేచేది వారే, అరువు ఇచ్చేదీ వారే. వారిని తిట్టి ప్రయోజనం లేదు. పాము కాటుకు, కుక్క కాటుకు, ఛాతీ నొప్పికి, కాన్పుకు తాము చేయి పెట్టకుండా వెంటనే బండి ఎక్కించి పంపితే ఊరికి వారు చేసే మేలు అంతా ఇంతా కాదు. నీరసానికి సెలైన్ పెట్టమని, సూది వేయమని వారిని బలవంతం చేసేది మనమేనన్నది కూడా వాస్తవం.

లోపాలు లేవా?

ఉన్నాయి. వెళ్ళిన రోజు డాక్టరు లేకపోవడం, ఒక మందు ఉండి ఒకటి లేకపోవడం, రాత్రి వేళ నర్సు ఒక్కతే ఉండడం, కరెంటు పోతే చీకటి - ఇవి గ్రామస్థులు చెప్పుకునే ఫిర్యాదులు. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. ఆ ఫ్రిజ్ ఉష్ణోగ్రతను రోజుకు రెండు సార్లు రాయాలన్నది నియమం. కరెంటు కోత ఉన్న చోట దీనిపై ప్రత్యేక శ్రద్ధ అవసరం. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన పెద్దలకు తెలుసు - రోడ్డు తెగిన రోజున పట్నం ఆసుపత్రి ఎంత పెద్దదైనా మనకు లేనట్లే. దగ్గరి ఆసుపత్రి బలంగా ఉండవలసిన ప్రాంతం మనది.

అడిగే దారి కూడా ఉంది. ప్రతి గ్రామంలో సర్పంచ్ అధ్యక్షతన ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీ ఉండాలి. జాతీయ ఆరోగ్య మిషన్ నిబంధనల ప్రకారం దానికి ఏడాదికి 10 వేల రూపాయల నిధికి అవకాశం ఉంది. ఈ కమిటీ ఉన్నదా, చివరిసారి ఎప్పుడు కూర్చున్నది అని గ్రామసభలో అడిగే హక్కు ప్రతి ఓటరుకూ ఉంది. సోమవారాలలో కలెక్టరు కార్యాలయంలో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ అర్జీ ఇవ్వవచ్చు.

ఖర్చు లేని పని ఒకటి వెంటనే చేయవచ్చు. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడ మీద ఒక నల్లబల్ల ఉంచి, ఈ రోజు పాము విరుగుడు సీసాలు ఎన్ని, కుక్క కాటు టీకాలు ఎన్ని, డ్యూటీలో డాక్టరు ఎవరు, 104 వాహనం ఏ రోజు ఏ ఊరికి అని ఉదయమే సుద్దముక్కతో రాయాలి. అదే సమాచారాన్ని గ్రామ సచివాలయానికి, ఆశా కార్యకర్తల సెల్‌ఫోనుకు పంపాలి. సీసాలు పదికి తగ్గితే ఒక్క మనిషికి కూడా మొదటి మోతాదు పూర్తిగా లేనట్లే. ఆ సంగతి రోగి బయలుదేరక ముందే ఊరికి తెలియాలి, జిల్లా స్టోరుకు అంతకంటే ముందే తెలియాలి. నాట్లు ముమ్మరం కాకముందే వైద్య ఆరోగ్య శాఖ అధికారులు ఈ విషయమై శ్రద్ధ వహించవలసిందిగా దివిసీమ రైతులు, వ్యవసాయ కూలీలు కోరుతున్నారు.